డీజేకి ముందు కావలసింది చెవి

"ఏ మిషన్ కొనాలి సార్?" డీజే పని నేర్చుకుంటామని హైదరాబాద్‌లో నా దగ్గరికొచ్చే కుర్రాళ్లు మొదట అడిగేది ఇదే. ఈ మధ్య ఏం విన్నావని నేనడిగితే చాలామంది తడబడతారు. ఈ పని మీదే బతుకుతున్నవాడిగా గట్టిగా చెబుతున్నాను: వినడం రానివాడికి ఎంత ఖరీదైన మిషనూ అక్కరకు రాదు.

నేను పెరిగింది ఖమ్మంలో, క్యాసెట్ల కాలంలో. మా వీధి చివర రికార్డింగ్ సెంటర్ ఉండేది. పాటల చిట్టీ రాసిస్తే ఖాళీ క్యాసెట్‌లో ఎక్కించి ఇచ్చేవారు. అరవై నిమిషాల క్యాసెట్‌కి ఒక్కో వైపు ముప్ఫై నిమిషాలు. ఆఖరి పాట మధ్యలో తెగకుండా, హుషారు పాట వెనకే జోలపాట రాకుండా షాపాయన మా చిట్టీ వరస మార్చేవాడు. ఇవాళ క్లబ్బులో నేను చేసే పనిలో సగం అదే.

టెక్నో సంగీతమూ వినడంలోంచే పుట్టింది. అమెరికాలోని డెట్రాయిట్‌లో ఎలక్ట్రిఫయింగ్ మోజో అనే రేడియో వ్యాఖ్యాత జర్మన్ బృందం క్రాఫ్ట్‌వెర్క్‌నీ, గాయకుడు ప్రిన్స్‌నీ, ఫంక్ పాటల్నీ పక్కపక్కనే వినిపించేవాడు. దగ్గరి బెల్‌విల్ ఊళ్లో చదువుకున్న జువాన్ అట్కిన్స్, డెరిక్ మే, కెవిన్ సాండర్సన్ ఆ రేడియో వింటూ పెరిగారు. 1980లలో వాళ్లు కట్టిన బాణీయే ప్రపంచమంతా పాకింది. మన ముంబైలో సినిమా వాద్యకారుడు చరణ్‌జిత్ సింగ్ 1982లో రోలాండ్ కంపెనీ సంగీత యంత్రాల మీద పది రాగాలను డిస్కో లయకు కట్టాడు. రాగం ఎరిగిన చెవి లేకుండా యంత్రం ఆ పని చేయదు.

పాటలు కలిపే పనికీ చెవే కావాలి. ఒక పాటలో నిమిషానికి 126 బీట్లున్నాయి, తర్వాతి పాటలో 128 అనుకోండి. రెండూ కలిపి వదిలితే కాసేపటికే కిక్ డ్రమ్ దెబ్బలు విడిపోయి గుర్రపు డెక్కల్లా వినిపిస్తాయి. ఒక చెవికి హెడ్‌ఫోన్ పెట్టి, రెండోది హాలుకి వదిలి, పాట వేగం మార్చే పిచ్ స్లైడర్‌ను వెంట్రుకవాసి జరుపుతూ కలపాలి. సింక్ బటన్ నొక్కితే ఈ వేగం దానంతటదే కలుస్తుంది, నిజమే. కానీ పాట మీద పాట పడి గొంతులు కలగాపులగం కాకుండా చూడటం, ఆడేవాళ్లు అలిసిపోయారో ఊపు మీదున్నారో కనిపెట్టడం బటన్‌కి చేతకాదు. అందుకే నా దగ్గర నేర్చుకునేవాళ్లని మొదట్లో సింక్ ముట్టుకోనివ్వను.

ఊరేగింపుల్లో మాత్రం స్పీకర్ బాక్సులు ఎంత ఎత్తున పేరిస్తే అంత గొప్ప డీజే అనే పోటీ నడుస్తోంది. నివాస ప్రాంతాల్లో చట్టం ఒప్పేది పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్. 2024లో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించినప్పుడు మావాళ్లు చాలామంది బాధపడ్డారు. నేను ఆ నిర్ణయాన్ని సమర్థిస్తాను. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే కణాలు ఒకసారి చస్తే మళ్లీ పుట్టవు. ఆ హోరులో ముందు పోయేది బాక్సుల పక్కనే నిలబడే కుర్రాడి చెవే, అంటే వాడి జీవనాధారమే.

మీ ఇంట్లో అబ్బాయో అమ్మాయో డీజే అవుతానంటే వద్దనకండి. అలాగని అప్పుచేసి మిషనూ కొనివ్వకండి. ముందు ఒక ఏడాది వినమనండి. ఇళయరాజా పాటల్లో బేస్ గిటార్ నడక, తీన్మార్ దరువు, డెట్రాయిట్ టెక్నో అన్నీ వినాలి. ప్రతి పాటలో దరువు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో నోటుబుక్కులో రాసుకోవాలి. అంత ఓపిక పట్టినవాళ్లకి మిక్సింగ్ నేర్పడం పెద్ద పని కాదు.