జ్ఞాపకం తింటుందని మంటనక్కను వెళ్ళగొట్టేవారికి

మా ప్రగతి నగర్‌లో ఏ అపార్టుమెంటు చూసినా అంతస్తుకొక సాఫ్టువేరు ఉద్యోగి, ఇంటికి రెండు ల్యాప్‌టాపులు. ఇంతమంది నిపుణులున్న పేటలోనూ విహరిణుల ప్రస్తావన వస్తే చర్చ ఒకేచోట మొదలై అక్కడే ముగుస్తుంది: "మంటనక్క మెమరీ బాగా తింటుందండీ, అందుకే తీసేశాను." తీసేసి క్రోము పెట్టుకుంటారు. అదీ తింటుందని తెలిశాక ఎడ్జి, ఆపైన బ్రేవు, ఆపైన ఒపేరా. ఒక్కొక్కదాన్నీ ఒక పూట నడిపి, టాస్క్ మేనేజరు తెరిచి, కనబడ్డ అంకెలను పట్టికగా వేసి తీర్పు ప్రకటిస్తారు.

ఈ పట్టికల మీదనే నా ఫిర్యాదు. వాటిలోని కొలత సరైనది కాదు; సరిగ్గా కొలిచినా ఆ అంకెను బట్టి విహరిణిని ఎంచుకోవడం తగదు; పైగా ప్రత్యామ్నాయమనే మాటకు అర్థమే పోతోంది. ఈ మూడింటిలో చివరిది తెలుగువారికి మరీ ముఖ్యమైనది. నా యంత్రంలో వచ్చిన అంకెలను మాత్రం ఇక్కడ పెట్టబోవడం లేదు. అవి నా యంత్రానికి, ఆ పూట నేను తెరిచిన పుటలకు సంబంధించినవి. మీకు వాటితో పని లేదు.

ముందు కొలత సంగతి. విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో టాస్క్ మేనేజరు చూపిన మెమరీ అంకె ఎంత నమ్మదగినదో ఒక్క పనితో తేలిపోయేది. విహరిణి కిటికీని కిందికి కుదిస్తే చాలు, అంకె అమాంతం పడిపోయేది. విహరిణి ఏమీ వదులుకోలేదు; దాని పుటలను నిర్వహణ వ్యవస్థే తాత్కాలికంగా పక్కకు నెట్టింది, అంతే. మళ్ళీ కిటికీ తెరవగానే అంకె ఎక్కడం మొదలు. ఇంత చంచలమైన అంకెను పట్టుకుని ఎన్ని వాదాలు జరిగాయో!

2008 సెప్టెంబరులో క్రోము వచ్చి, ట్యాబులను వేర్వేరు ప్రక్రియలుగా విడగొట్టాక చిక్కు ఇంకా పెరిగింది. ఆ ప్రక్రియలన్నీ కొంత మెమరీని ఉమ్మడిగా వాడుకుంటాయి. ఒక్కొక్కదాని అంకెనూ తెచ్చి కూడితే ఉమ్మడి భాగం అన్నిసార్లూ లెక్కలోకి వస్తుంది. జేఎన్‌టీయూ కూడలి నుంచి మా పేటకు ఐదుగురు కలిసి ఒక షేర్ ఆటోలో వస్తే, మనిషికొకటి చొప్పున ఐదు ఆటోలు వచ్చాయని రాసుకోవడం లాంటిదిది. లినక్సులో టాప్ ఆదేశం చూపే అంకెలను కూడినా ఇదే తప్పు జరుగుతుంది. ఉమ్మడి భాగాన్ని పంచుకునేవారి మధ్య వాటాలు వేసి చూపే పీఎస్‌ఎస్ అనే లెక్క లినక్సులోనే ఉంది. మంటనక్క చిరునామా పట్టీలో అబౌట్:మెమరీ అని ఆంగ్లంలో కొడితే ఏ పుట ఎంత తీసుకుందో పద్దులవారీగా చూపిస్తుంది. పట్టికలు వేసేవారిలో ఆ పుట తెరిచి చూసినవారు నాకింతవరకు తారసపడలేదు.

మంటనక్క మీద అభియోగం వట్టి పుకారు కాదు. ఆ మచ్చ నిజంగానే ఉండేది. 2005 నవంబరులో వచ్చిన 1.5 వెర్షను, వెనక్కి మీట నొక్కగానే పుట తక్షణం కనబడేందుకు, చూసిన పుటలను యంత్రం శక్తిని బట్టి ఎనిమిది దాకా మెమరీలోనే అట్టిపెట్టేది. అది కోరి పెట్టిన సదుపాయం. కోరకుండా జరిగే కారుడు వేరే ఉండేది. అందులో పొడగింతల పాలు చాలా ఎక్కువ. 2008 జూన్‌లో మూడవ వెర్షను మెమరీని కేటాయించే పద్ధతినే మార్చుకుంది. 2011లో మెమ్‌ష్రింక్ పేరిట కొందరు ఈ ఒక్క పనికే కూర్చున్నారు. 2012 ఆగస్టులో 15వ వెర్షను పొడగింతల వల్ల కారే మెమరీకి చాలావరకు అడ్డుకట్ట వేసింది. జబ్బుకు మందు వేసి ఇన్నేళ్ళయింది. పరీక్ష చేయకుండా పాత రోగచీటీనే చేతపట్టుకుని తిరిగే వైద్యుణ్ణి ఎవరైనా మెచ్చుకుంటారా?

అసలు తినేది ఎవరు? అంతర్జాలంలో ఏ వార్తాపుట తెరిచినా నాలుగు పేరాల వార్త, దాని చుట్టూ కదిలే ప్రకటనలు, అడగకుండానే మొదలయ్యే వీడియో, మన వెంటపడి లెక్కలు రాసుకునే లిపులు డజను. ఆ బరువును మోయాల్సిందే కనుక ఏ విహరిణైనా మోస్తుంది. దాన్ని తగ్గించాలంటే ప్రకటనలను అడ్డుకునే పొడగింత కావాలి. యూబ్లాక్ ఆరిజిన్ అనే ప్రసిద్ధ పొడగింతకు ఆధారమైన పాత పద్ధతిని క్రోము 2024, 25 సంవత్సరాల్లో క్రమంగా తొలగించింది. ఇప్పుడక్కడ దాని పలచని రూపమే దొరుకుతుంది. మంటనక్కలో అది పూర్తి రూపంలో నడుస్తోంది. అంటే మెమరీ పేరు చెప్పి మనవారు వదిలేసిన విహరిణిలోనే మెమరీని కాపాడే పనిముట్టు పదునుగా ఉంది. ఖాళీ ట్యాబులను పోల్చే పట్టికలో ఈ తేడా ఏ గడిలో కనబడుతుంది?

ఇక అసలు సంగతి. విహరిణికి గుండెకాయ దాని రెండరింగు యంత్రం. మిగిలిన మీటలు, రంగులు, బొమ్మలు అన్నీ వేషమే. ఒపేరా తన సొంత ప్రెస్టో యంత్రాన్ని 2013లో వదులుకుని క్రోము బాట పట్టింది. మైక్రోసాఫ్టు కూడా తన యంత్రాన్ని పక్కనబెట్టి, 2020 జనవరిలో క్రోమియం మీద కట్టిన ఎడ్జిని విడుదల చేసింది. బ్రేవు, వివాల్డి మొదటినుంచీ దాని మీద కట్టినవే. అందుచేత క్రోము నుంచి ఎడ్జికి, ఎడ్జి నుంచి బ్రేవుకు మారి మెమరీలను పోల్చే పెద్దమనిషి ఇల్లు మారడం లేదు. అదే ఇంట్లో గదులు మారుతున్నాడు. వాడుకలో చెప్పుకోదగ్గ యంత్రాలు మూడే మిగిలాయి: గూగుల్‌వారి బ్లింకు, ఆపిల్‌వారి వెబ్‌కిట్, మంటనక్క గెకో. వీటిలో బ్లింకు 2013లో వెబ్‌కిట్ నుంచి చీలిన పాయే. నిజంగా వేరే వంశం గెకో ఒక్కటే.

"వంశం ఏదైతేనేం, పుట తెరుచుకుంటే చాలదా?" అనేవారికి తెలుగు అనుభవమే జవాబు. ఈ శతాబ్దం మొదట్లో నూటికి తొంభై మందికి పైగా ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరునే వాడేవారు. 2001లో ఆరవ వెర్షను ఇచ్చి, పోటీ లేదన్న ధీమాతో ఏడవదాన్ని 2006 దాకా తేలేదు. మన పత్రికలు ఆ ఒక్కదాన్నే నమ్ముకుని ఎవరి ఖతి వారు తయారు చేసుకున్నాయి. లాటిన్ అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలను కూర్చిన ఖతులవి. మరో విహరిణిలో తెరిస్తే వార్తకు బదులు గజిబిజి గీతలు. వెతుకుదామంటే దొరకదు, అతికిద్దామంటే కుదరదు. తెలుగువాడు తెలుగు పత్రిక చదవడానికి ఒక పరాయి సంస్థ విహరిణి వాడితీరాలన్నది ఆనాటి అలిఖిత శాసనం.

ఆ శాసనాన్ని ధిక్కరించింది మంటనక్కలో కూర్చున్న ఒక చిన్న పొడగింత. వెన్న నాగార్జున గారు రాసిన పద్మ ఈనాడు, వార్త వంటి పత్రికల సొంత ఖతులను అక్కడికక్కడే యూనికోడులోకి మార్చి చూపించేది. ఆ రోజుల్లో బ్లాగులు రాసినవారికి పద్మ పేరు కొత్తగా చెప్పనక్కరలేదు. మంటనక్క వంటి తెరిచిన ఇల్లు లేకపోతే పద్మకు నిలబడే చోటే ఉండేది కాదు. నాడు ఎవరైనా పద్మ ఎంత మెమరీ తింటుందో కొలిచి తీసేయమని ఉంటే నవ్వి ఊరుకునేవాళ్ళం. పద్మ వంటి పాత పద్ధతి పొడగింతలకు 2017 నవంబరులో వచ్చిన 57వ వెర్షను చోటు లేకుండా చేసిందన్న మాటా నిజమే. మంటనక్కను తప్పుబట్టదలచినవారికి ఇదొక సరైన కారణం. మెమరీ అంకె కాదు.

ఒకే యంత్రాన్ని అందరూ నమ్ముకుంటే ఏమవుతుందో 2018 ఫిబ్రవరిలో మరోసారి చూశాం. జ్ఞా అనే మన సంయుక్తాక్షరంలో గుణింతపు గుర్తుకు ముందు కనబడని ఒక విడదీత గుర్తు చేరిస్తే చాలు, దాన్ని చూపబోయిన ఐఫోను అప్లికేషను కుప్పకూలేది. ఐఓఎస్ 11.2.5లోని ఈ దోషాన్ని ఆ నెలలోనే 11.2.6తో దిద్దారు. అక్షరాలను అమర్చే పని అన్ని అప్లికేషన్లకూ ఆ ఒక్క యంత్రాంగానిదే కావడంతో, అందులోని ఒక్క పొరపాటు సందేశాలనూ విహరిణులనూ కలిపి పడగొట్టింది. జ్ఞానం, జ్ఞాపకం, ఆజ్ఞాపించడం రాసుకునే భాష మనది. మన అక్షరాలు పెద్ద సంస్థల పరీక్షాశాలల్లో ముందు వరసలో ఉండవు. తప్పు జరిగినప్పుడు పక్కన ఇంకొక యంత్రం బతికి ఉండటం మనలాంటివారికే ఎక్కువ అవసరం.

ప్రతివాదాలు లేకపోలేదు. మొజిల్లా ఆదాయంలో అధిక భాగం గూగుల్ ఇచ్చేదే కదా అంటారు. అవును, అది నిజంగా దిగులు పుట్టించే విషయమే. కాని ధర్మాసుపత్రికి చందా ఇచ్చే ధనికుడు మనకు నచ్చలేదని ఆసుపత్రిని మూయించుకోం. గెకో మూలం బహిరంగంగా ఉంది. రేపు మొజిల్లా దారి తప్పినా మరొకరు చేపట్టవచ్చు. అయితే వాడేవారే లేని యంత్రాన్ని ఎవరూ చేపట్టరు.

ఇంకొకటి, నాలుగు జీబీల పాత ల్యాప్‌టాప్ ఉన్న విద్యార్థికి ఈ ఆదర్శాలు ఎందుకంటారు. ఈ ప్రశ్న న్యాయమైనది. అతనికి నా సలహా: రెండు విహరిణుల్లోనూ కొత్త ప్రొఫైలు పెట్టు, పొడగింతలు తీసెయ్, రోజూ చూసే పుటలనే అదే క్రమంలో తెరువు, గంట సేపు పని చేసుకో. అంకెను కాదు, యంత్రాన్ని గమనించు. ట్యాబు మారుస్తుంటే తడబడుతోందా, డిస్కు అదేపనిగా తిరుగుతోందా? తరువాత ప్రకటనల అడ్డు పెట్టి మళ్ళీ చూడు. అప్పటికీ నీ యంత్రంలో క్రోమే హాయిగా నడిస్తే వాడుకో, నీ మీద నాకే కోపమూ లేదు. నా కోపమంతా, పదహారు జీబీల యంత్రంలో సగం ఖాళీగా పెట్టుకుని, రెండు వందల మెగాబైట్ల తేడాకు గెకోను గెంటేసే నిపుణుల మీద.

ఎందుకంటే వారే రేపు మాదాపురంలో కూర్చుని పుటలు తయారుచేస్తారు. తమ యంత్రంలో క్రోమొక్కటే ఉంటే అందులోనే పరీక్షిస్తారు. "ఈ సేవ క్రోములో మాత్రమే పనిచేస్తుంది" అని పుట మీద రాస్తారు. ఒకనాడు ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరు పేరిట ఇలాంటి వాక్యమే చదివి మనం పళ్ళు కొరుక్కున్నాం. ఆ వాక్యాన్ని మన వీధివాళ్ళే మళ్ళీ రాస్తుంటే చూస్తూ ఊరుకుందామా? మంటనక్కను తిరిగి తెచ్చుకోండి. రోజంతా కాకున్నా, మీరు కట్టిన పుటనైనా ఒకసారి అందులో తెరవండి.