నలుగుకు ముందు లేజరా?

పోయినేడు మాఘమాసంలో తాండూరు నుంచి మా చెల్లెలు ఫోన్ చేసింది. "అక్కా, పిల్లకు సంబంధం ఖాయమైంది. లగ్గం ఇంకా నలభై రోజులే ఉన్నది. మొఖం మీద ఆ గుంటలు అట్లనే ఉన్నయి. పట్నం తోల్కపోయి లేజర్ చేపిద్దాం, నువ్వు గూడ రా" అంది.

మొటిమలు మానాక మిగిలిన గుంటలవి. పిల్ల ఏం చదివిందని అడగని చుట్టాలు కూడా దాని బుగ్గల వంక చూసి "అయ్యో పాపం" అనడం మరిచిపోరు. ఆ మాటలు ఏళ్ల తరబడి విన్న పిల్ల పెళ్లినాడైనా తలెత్తుకుని కూర్చోవాలనుకుంటే తప్పేముంది? నేనూ సరేనన్నాను. వాళ్లిద్దరూ తాండూరులో రైలెక్కారు. వికారాబాద్ స్టేషన్లో నేను ఎక్కాను.

డాక్టరమ్మ పిల్ల ముఖం ఐదు నిమిషాలు చూసింది, ప్రశ్నలు మాత్రం అరగంట అడిగింది. "ముఖానికి ఏం పూస్తున్నావమ్మా?" అన్న ప్రశ్న దగ్గర మా పిల్ల ఆగిపోయింది. వాళ్లమ్మ వంక ఒకసారి చూసి, బ్యాగులోంచి నలిగిపోయిన ట్యూబు ఒకటి తీసింది. తెల్లబడతావని స్నేహితురాలు చెబితే మెడికల్ షాపులో కొన్నదట. మూడేళ్లుగా రోజూ పూస్తోందట. "పుయ్యకుంటే మొఖం ఎర్రగైతది మేడం, మండుతది. పూస్తే మంచిగుంటది" అంది.

అది స్టెరాయిడ్ కలిసిన క్రీము. డాక్టరమ్మ ట్యూబు బల్ల మీద పెట్టి, "ఇప్పుడు లేజర్ చేయను" అంది. మా చెల్లెలికి కోపమొచ్చింది. "పైసలకు ఎనుకాడం డాక్టరమ్మా" అంది. "పైసల మాట కాదమ్మా. పలచబడిన చర్మం మీద చేస్తే గుంటలకు తోడు నల్లమచ్చలు కూడా వస్తాయి. ఆ మచ్చలతో పెళ్లిపీటల మీద కూర్చోబెడతారా?" అని అడిగింది.

తిరుగు ప్రయాణంలో ఎవ్వరం మాట్లాడలేదు. కానీ ఆ రోజు ఆమె కాదనడమే మా పిల్లకు జరిగిన మొదటి వైద్యం అని ఇప్పుడు నాకు గట్టిగా అనిపిస్తోంది. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

లేజర్ అంటే ఏదో వెలుగు పడి మచ్చ మాయమవుతుందని మనలో చాలామంది అనుకుంటాం. అసలు జరిగేది వేరు. ఈ చికిత్సలో ఎక్కువగా వాడే కార్బన్ డయాక్సైడ్ లేజర్‌ను 1964లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కనిపెట్టింది మన దేశంలోని బారామతిలో పుట్టిన కుమార్ పటేల్. చర్మంలోని నీరు ఆ కిరణాన్ని పీల్చుకుని క్షణంలో ఆవిరవుతుంది. దాంతో పై పొర లేచిపోతుంది. లోపలికి దిగిన వేడికి చర్మం కొత్త కొలాజెన్ తయారు చేసుకుని, గుంటను కొద్దికొద్దిగా పూడ్చుకుంటుంది. ముఖమంతా ఒక్కసారే కాల్చకుండా సన్నని చుక్కలుగా వేసి, మధ్యమధ్య మంచి చర్మాన్ని వదిలేసే ఫ్రాక్షనల్ పద్ధతి 2004లో వెలుగులోకి వచ్చింది. ఏ పద్ధతైనా ఇది కొలతపెట్టి చేసే గాయమే. గాయం తగలబోయే చర్మాన్ని ముందుగా సిద్ధం చేసుకోవద్దా?

మన చర్మానికైతే ఆ అవసరం మరీ ఎక్కువ. చామనఛాయ చర్మంలో రంగునిచ్చే కణాలు చురుగ్గా ఉంటాయి. దోమ కుట్టినా, మొటిమ గిల్లినా మనకు నల్లమచ్చ పడి నెలల తరబడి ఉండేది అందుకే. తెల్లతోలు వాళ్లకు లేజర్ తర్వాత వచ్చే ఎరుపు తగ్గిపోతే చాలు. మనకు ఆ ఎరుపు తగ్గాక నలుపు దిగే ప్రమాదం ఉంది. కాబట్టి విదేశీ బొమ్మల్లోని ముందూ వెనకా ముఖాలు చూసి మనమూ అలాగే అవుతామని అనుకోకూడదు.

మరి సిద్ధపడటమంటే ఏమిటి? మొదటిది ఎండ. చికిత్సకు కనీసం నాలుగు వారాల ముందు నుంచి ముఖం కమలకుండా చూసుకోవాలి. తాండూరులో ఎండకు తోడు నాపరాతి దుమ్ము కూడా ఉంటుంది. బండి మీద వెళ్తే ముఖానికి మెత్తని నూలు చున్నీ కట్టుకోవాలి. ఎస్.పి.ఎఫ్. 30కి తగ్గని సన్‌స్క్రీన్ రోజూ పూసుకోవాలి. బఠాణీ గింజంత పూస్తే చాలదు, రెండు వేళ్ల పొడవునా తీసుకోవాలి. బయట ఉంటే రెండు మూడు గంటలకోసారి మళ్లీ పూయాలి.

రెండోది నిజం చెప్పడం. ఏ క్రీము వాడుతున్నారో, ఎన్నాళ్లుగా వాడుతున్నారో దాచకండి. ట్యూబులూ మాత్రల అట్టలూ వెంట తీసుకెళ్లండి. మొటిమలకు ఐసోట్రెటినోయిన్ మాత్రలు వేసుకుని ఉంటే చెప్పండి, ఎంత విరామం కావాలో డాక్టరే నిర్ణయిస్తారు. జ్వరమొచ్చినప్పుడు పెదవి అంచున నీటిపొక్కులు లేచే అలవాటుందా? అయితే లేజర్ తర్వాత ముఖమంతా అవి లేవకుండా ముందే మాత్రలిస్తారు. చెవులు కుట్టిన చోట కండ గట్టిగా పెరిగిందా? సుగర్ ఉందా? గర్భమా? పాలిస్తున్నారా? ఇవన్నీ చెప్పాల్సినవే. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు అడగకుండా సొంతంగా మానేయకూడదు.

మూడోది ముఖాన్ని దాని మానాన వదిలేయడం. బ్లీచింగు, వ్యాక్సింగు, త్రెడింగు, ఫేషియల్ వారం రెండు వారాల ముందే ఆపేయాలి. నిమ్మరసం, శనగపిండి రుద్దుళ్లు వద్దు. రెటినాయిడ్ క్రీములు ఎప్పుడు ఆపాలో డాక్టర్ చెబుతారు. ముఖం మీద చీముమొటిమలుంటే ముందు అవి తగ్గాలి. అన్నీ కుదిరాక చెవి దగ్గరో దవడ కిందో చిన్న చోట వేసి చూడమని అడగండి. కొన్ని వారాలు ఆగితే అక్కడ నలుపు దిగుతుందో లేదో తేలిపోతుంది. ఈ పని పార్లర్లో చేయించుకునేది కాదు, చర్మవైద్యుల దగ్గరే చేయించుకోవాలి. హైదరాబాద్‌లో ఉస్మానియా, గాంధీ ఆస్పత్రులలో చర్మవ్యాధుల విభాగాలున్నాయి. ముందు సలహాకు అక్కడికైనా వెళ్లవచ్చు.

స్టెరాయిడ్ క్రీముల సంగతి మరోసారి చెప్పాలి. వీటిలో చాలావాటిని డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదని కేంద్ర ప్రభుత్వం 2018లోనే నిబంధన తెచ్చింది. అయినా తెల్లబడాలన్న మన ఆశ ఉన్నంతకాలం ఆ ట్యూబులు చేతులు మారుతూనే ఉంటాయి. తమాషా ఏమిటంటే, మా పిల్ల ఆ క్రీము మొదలుపెట్టింది కూడా ఎవరో "అయ్యో పాపం" అన్నందుకే. అలాగని వాడేవాళ్లు ఒక్కరోజులో విసిరికొట్టకండి. ముఖం భగ్గుమంటుంది. డాక్టర్ చెప్పినట్టు మెల్లమెల్లగా తగ్గించాలి.

ఇక ముహూర్తం మాట. ఫ్రాక్షనల్ లేజర్ అయ్యాక పొక్కులు రాలడానికి వారం పడుతుంది, ఎరుపు వారాలపాటు ఉండొచ్చు. అసలు ఫలితం కనిపించడానికి మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. అందులోనూ మన పెళ్లిలో నలుగు ఉంది, పసుపు ఉంది, మంగళస్నానం ఉంది, హోమం సెగ ఉంది. పచ్చి చర్మం మీద ఇవన్నీ పడితే ఏమవుతుందో మీరే ఆలోచించండి. పెళ్లికి నెలా నెలన్నర ముందు లేజర్ పెట్టుకోవడమంటే గృహప్రవేశానికి వారం ముందు బండలు పెకిలించడమే.

మా పిల్ల పెళ్లి ఆ గుంటలతోనే జరిగింది. క్రీము తగ్గించే రోజుల్లో బుగ్గలు ఎర్రబడితే మా చెల్లెలు చాటుగా ఏడ్చింది. పిల్ల మాత్రం పెళ్లికొడుకుతో ఉన్న విషయం ఉన్నట్టు చెప్పింది. ఆ అబ్బాయి, "చూసే కదా సరేనన్నాను" అన్నాడట. నలుగు పెట్టేటప్పుడు ముత్తయిదువులు దాని బుగ్గలను మెత్తగా తాకి వదిలేశారు. ఎనిమిది నెలలు చర్మాన్ని కాపాడుకున్నాక, కార్తీకం వెళ్లాక మొదటి సిట్టింగు అయింది. ఇప్పటికి రెండు పూర్తయ్యాయి. గుంటలు పూర్తిగా పోలేదు, పోవని డాక్టరమ్మ ముందే చెప్పింది. లోతు తగ్గింది, నలుపు దిగలేదు. పిల్లకు అది చాలు.

లేజర్ చేయించుకోవద్దని నేననను. ఎవరి ముఖం వాళ్లిష్టం. కానీ ముహూర్తాన్ని చూసి కాక చర్మాన్ని చూసి రోజు పెట్టుకోండి. ఎవరి జాలి కోసమో కాక మీ కోసం చేయించుకోండి. అన్నట్టు, మనమంతా సిద్ధపడాల్సిన పని ఇంకొకటుంది. ఈసారి ఏ పెళ్లిలోనైనా ఆడపిల్ల బుగ్గలు చూసి "అయ్యో పాపం" అనబోతే, ఆ మాట నోట్లోనే ఆపుకుందాం. ఏమంటారు?