చాటింది ఒకనాడు, గెలిచింది ఏడేండ్లకు



పోయిన ఆదివారం మా మనుమరాలు పరీక్షకని చరిత్ర పాఠం పైకి చదువుతుంటే పక్కన కూసోని విన్న. అమెరికా వాళ్ళకు స్వతంత్రం ఎట్ల వచ్చిందనే పాఠం. "1776 జులై 4న వచ్చింది తాతా" అని ఒక్క ముక్కల తేల్చింది. నేను చదివింది నాలుగో తరగతే గాని, రిటైరైనంక వాచనాలయంల చాన పుస్తకాలు తిరగేసిన. "అది చాటిన రోజు బిడ్డా. గెలిచేటాళ్ళకు ఇంకో ఏడేండ్లు పట్టింది" అన్న. నోటీసు ఇచ్చిన రోజే సమ్మె గెలిచినట్టా?

అప్పుడు అక్కడ ఇంగ్లండు రాజు కింద 13 వలసలు ఉండేవి. 1765లో లండన్ పార్లమెంటు కోర్టు కాగితాల మీద, పత్రికల మీద, ఆఖరికి పేకముక్కల మీద కూడా స్టాంపు పన్ను వేసింది. ఆ పార్లమెంటులో ఈ వలసల తరఫు మనిషి ఒక్కడూ లేడు. మమ్మల్ని అడగకుండ మా మీద పన్నేంది అని జనం తిరగబడ్డారు. ఇంగ్లండు సరుకు కొనమన్నారు. మంచి బట్ట అక్కడి నుంచే వచ్చేది. అందుకని ఆడోళ్ళు రాట్నాలు ముందేసుకుని నూలు వడికారు, ఇంటిల్లిపాది ముతక బట్ట కట్టారు. మన గాంధీజీ కంటే నూటయాభై ఏండ్ల ముందటి మాట ఇది. 1773 డిసెంబరు 16 రాత్రి బోస్టన్ రేవులో 342 పెట్టెల టీ నీళ్ళల్ల పారబోశారు. ఆ టీ ఎవరిదనుకున్నారు? అప్పటికే మన మచిలీపట్నం కోట పట్టుకున్న ఈస్టిండియా కంపెనీదే.

1775 ఏప్రిల్‌లో తుపాకులు పేలాయి. మరుసటేడు ఫిలడెల్ఫియాలో ఒక భవనంల పెద్దలు కూర్చుని, జెఫర్సన్ రాసిన ప్రకటనను ఒప్పుకున్నారు. మనుషులంతా సమానమని అందులో ఉంది. రాసినాయన ఇంట్లోనే బానిసలు ఉన్నారు, అదీ మరువొద్దు. తర్వాత 56 మంది సంతకాలు పెట్టారు.

ఆ ఏడే జోసెఫ్ ప్లంబ్ మార్టిన్ అనే 15 ఏండ్ల పిల్లగాడు సైన్యంల చేరాడు. 1777-78 చలికాలం వ్యాలీ ఫోర్జ్ శిబిరంలో సిపాయిలకు తిండి లేదు, చానమందికి కాళ్ళకు చెప్పులు లేవు. దాదాపు 2,000 మంది రోగాలతోటే చచ్చిపోయారు. 1778లో ఫ్రాన్స్ తోడొచ్చింది. 1781 అక్టోబరు 19న యార్క్‌టౌన్ దగ్గర కార్న్‌వాలిస్ సైన్యం లొంగిపోయింది. ఆ కార్న్‌వాలిసే 1786లో మన దేశం మీదికి గవర్నర్ జనరల్‌గా వచ్చాడు. 1783 సెప్టెంబరు 3న పారిస్‌లో ఒప్పందం రాసుకున్నంకనే స్వతంత్రం ఖాయమైంది.

ఒప్పందానికి మూడు నెలల ముందు, జూన్‌లో, నాలుగొందల మంది దాకా సిపాయిలు పగార్ బాకీ అడగడానికి ఫిలడెల్ఫియాలో ఒక భవనాన్ని చుట్టుముట్టారు. స్వతంత్రం ప్రకటన ఒప్పుకున్న భవనమే అది. పెద్దలు బాకీ తీర్చలేదు, మకాం వేరే ఊరికి మార్చారు. చానమంది సిపాయిలకు రొక్కం బదులు కాగితాలు ఇచ్చారు. ఇంట్లో పొయ్యి వెలగాలె గనక వాళ్ళు వాటిని అడ్డికి పావుసేరు అమ్ముకున్నారు. కొని పెట్టుకున్న షావుకార్లు తర్వాత బాగుపడ్డారు. గతిలేని సిపాయిలకు నెలకు 8 డాలర్ల పెన్షన్ 1818లో వచ్చింది. గెలిచిన 35 ఏండ్లకు!

ఇది చదివినప్పుడు నాకు మా గిర్ని భోంగా ఆగిపోయిన దినం యాదికొచ్చింది. మాకు కూడా చేతిల పెట్టింది కాగితమే. నా పక్క సాంచె మీద పనిచేసిన దోస్తు, బిడ్డ పెండ్లికని తన బాకీని మూడో వంతుకే వడ్డీకిచ్చేటోనికి రాసిచ్చిండు. నేను పన్నెండేండ్లు ఆగిన. అది నా ధైర్యం అనుకోవద్దు. మా ఇంటామె దినాం బీడీలు చుట్టి పొయ్యి ఆరిపోకుండ చూసింది. ఆమెకు అంత ఓపిక లేకుంటే నేనూ అమ్ముకునేవాణ్ణే.

అందుకే చెప్తున్న. గ్రాచ్యుటీ కాగితాలు, ఫండు కాగితాలు ఇంట్లో ఉంటే ఎవరికీ రాసియ్యకండి. యూనియన్ ఆఫీసుల చూపించండి. పక్కింటోళ్ళకు ఆగే గతి లేకుంటే, ఆగేటట్టు తలా ఒక చెయ్యి వెయ్యండి.

మనుమరాలికి మాత్రం "పరీక్షల 1776 అనే రాయి, మార్కులు దానికే ఇస్తారు. 1783 జూన్ కూడా యాదిల ఉంచుకో" అని చెప్పిన.

వచ్చే నెల మళ్ళ కలుద్దాం.