‘టేకేనా?’ అని అడిగితే చాలదు!

వానలు మొదలయ్యాయంటే చాలు, కొన్ని ఇళ్లలో తలుపు వేయాలంటే భుజం ఆనించి తోయాలి. తీయాలంటే రెండు చేతులా లాగాలి. విసుగొచ్చి వడ్రంగిని పిలుస్తారు. ఆయన అంచుని చిత్రిక పట్టి, వేసి, తీసి చూపించి వెళ్లిపోతాడు. మళ్లీ ఎండాకాలం వచ్చేసరికి అదే తలుపు సందులోంచి వీధిలో వెళ్లేవాళ్లు కనిపిస్తుంటారు!

చెట్టుని కొట్టేసినా చెక్క మాత్రం గాలిలోని తేమను పీల్చుకుంటూ, వదులుతూనే ఉంటుంది. పీల్చుకున్నప్పుడు అడ్డంగా ఉబ్బుతుంది, పొడవు దాదాపు మారదు. అందుకే వానాకాలంలో బిగుసుకున్న తలుపుని తొందరపడి చెక్కించకూడదు. ముందు దాని పై అంచుకీ కింది అంచుకీ పాలిష్ ఉందో లేదో చూడాలి. కంటికి కనిపించవు కదా అని చాలామంది అక్కడ పూత వేయించరు. తేమ సులువుగా దూరేది అక్కడే.

పచ్చి చెక్కతో చేసిన తలుపునైతే ఏ పూతా కాపాడలేదు. గృహప్రవేశం ముహూర్తం దగ్గరపడిందని ఆరని చెక్కతోనే పని కానిచ్చేస్తారు. ఆర్నెల్లు తిరక్కుండానే పలకలు వంకర్లు పోతాయి. ఇంట్లో సామానుకు వాడే చెక్కలో తేమ 10-12 శాతం దగ్గర ఉండాలి. దాన్ని కొలిచే చిన్న మీటర్లు దొరుకుతాయి. లక్షలు పోసి కొనేటప్పుడు ‘ఒకసారి పెట్టి చూపించండి’ అనడంలో తప్పులేదు.

అడితిలో ‘టేకేనా?’ అంటే ‘టేకే’ అంటారు. నిజమే కావచ్చు. కానీ ఆ టేకులోనూ రెండు రకాల చెక్క ఉంటుంది. దుంగ మధ్యలో బంగారు గోధుమరంగులో ఉండేది చేవ. బెరడుని ఆనుకుని పాలిపోయినట్టుండేది తెల్లచెక్క. చెదలు జంకేది చేవకే. తెల్లచెక్కలోని పిండిపదార్థం పుచ్చుపురుగులకు విందుభోజనం. టేకు గుమ్మం నాలుగేళ్లకే పొడి రాలుస్తోందంటే తెల్లచెక్క కలిసిందేమోనని అనుమానించాల్సిందే. రంగు కలిపిన పాలిష్ పడ్డాక తేడా పట్టుకోవడం కష్టం. అంతకుముందే ఒకచోట చిత్రిక పట్టించి చూసుకోవాలి. మొహమాటపడితే నష్టం కొన్నవాళ్లకే.

‘బర్మా టేకు’ అనగానే మురిసిపోవడమూ మామూలే. దుంగల ఎగుమతిని మయన్మార్ 2014లోనే నిషేధించింది. కొత్తగా దిగిన బర్మా దుంగ అని ఎవరైనా చెబితే కాగితాలు అడగాలి. ఆ పేరుకి డబ్బు పోసేకంటే, గుమ్మాలకు బాగా ఆరిన వేపో నల్లమద్దో తీసుకోవడం నయం. పాత ఇళ్లు పడగొట్టినచోట దొరికే దూలాలైతే ఏళ్ల తరబడి ఆరి ఉంటాయి. మేకులూ పుచ్చూ చూసుకుంటే సరి.

ఇంటికి తెచ్చుకున్నాక తడిగుడ్డతో రోజూ తుడవక్కర్లేదు. పొడిగుడ్డ చాలు. లక్క పాలిష్ వేసిన బల్లమీద వేడి గిన్నె పెడితే తెల్లటి మచ్చ పడుతుంది. మంచం కింద పిండిలాంటి పొడి కనిపిస్తే ఊడ్చేసి, కొన్నాళ్లు గమనించండి. మళ్లీ రాలిందంటే పురుగు బతికే ఉందన్నమాట.

చెక్కకు అవిసె నూనె పట్టించేవాళ్లు మాత్రం ఆ గుడ్డలను ఉండచుట్టి మూల పడేయొద్దు. నూనె ఆరేటప్పుడు పుట్టే వేడికి అవి వాటంతటవే అంటుకునే ప్రమాదం ఉంది. ఆరుబయట విడివిడిగా పరిచి, పూర్తిగా ఆరాకే పారేయండి.