రాయబారి కొన్న కుక్క బిస్కెట్లు

1970ల చివర్లో లండన్‌లోని రొమేనియా రాయబారికి ఒక అదనపు బాధ్యత ఉండేది. వారం వారం సెయిన్స్‌బరీ దుకాణానికి వెళ్లి కుక్క బిస్కెట్లు కొనాలి. వాటిని దౌత్య సంచిలో బుఖారెస్ట్‌కు పంపాలి. తినేది కోర్బు అనే నల్ల లాబ్రడార్. అది కూనగా ఉన్నప్పుడు బ్రిటన్ లిబరల్ పార్టీ నాయకుడు డేవిడ్ స్టీల్ కానుకగా ఇచ్చాడు. బుఖారెస్ట్ వీధుల్లో దాని కోసం విడిగా లిమోజిన్ నడిచేది, వెంట మోటార్ సైకిళ్ల రక్షణ ఉండేది. సైన్యంలో కర్నల్ హోదా ఇచ్చారని కూడా జనం చెప్పుకునేవారు. దాని యజమాని నికొలాయ్ చౌషెస్కూ. 1965 నుంచి 1989 డిసెంబరు దాకా రొమేనియాను ఏలినవాడు.

నియంతల గురించి లోకానికి గుర్తుండేవి ఇలాంటి సంగతులే. ఫిలిప్పీన్స్‌లో ఇమెల్డా మార్కోస్ చెప్పుల జోళ్లు, తుర్క్‌మెనిస్తాన్‌లో ఏప్రిల్ నెలకు తన తల్లి పేరు పెట్టిన నియాజోవ్, మధ్య ఆఫ్రికాలో చక్రవర్తిగా పట్టాభిషేకం చేసుకున్న బొకాసా. చదివి నవ్వుకుంటాం, పక్కవాళ్లకు చెబుతాం. మనకైతే ఇంకా సులువు. ‘పిచ్చి తుగ్లక్’ అని ఒక్క మాట అనేస్తే పాలకుడి వింతలన్నిటికీ కారణం చెప్పేసినట్టే. నాకు అభ్యంతరం ఉన్నది అక్కడే. తిక్క ఒక్కడిదే కావచ్చు. దాన్ని ఉత్తర్వుగా మార్చి, సంతకం పెట్టి, బిల్లు పాస్ చేసి, పార్సిల్ కట్టి పంపినవాళ్లు మాత్రం నిక్షేపంగా బుద్ధి ఉన్నవాళ్లు. చౌషెస్కూ ఇంటి వింతలను చూడాల్సింది ఈ రెండో వరుస వైపు నుంచి.

అందుకు ఆయన భార్య ఎలెనాను మించిన ఉదాహరణ దొరకదు. పల్లెటూళ్లో పుట్టి, చిన్నప్పుడే బడి మానేసిన మనిషి. అందులో తప్పేమీ లేదు. చౌషెస్కూ కూడా పదకొండేళ్లకే బుఖారెస్ట్ చేరి చెప్పులు కుట్టే పని నేర్చుకున్నవాడు. పేదరికం నుంచి ఎదిగామని ఇద్దరూ గర్వంగా చెప్పుకోవచ్చు. ఎలెనాకు అది చాల్లేదు. ఆమెకు శాస్త్రవేత్త కావాలనిపించింది. 1967లో ఐసోప్రీన్ పాలిమరీకరణ మీద డాక్టరేట్ వచ్చింది. పదిమంది ఎదుట జరగాల్సిన సిద్ధాంత వ్యాస పరీక్ష తలుపుల వెనక ముగిసింది. దేశంలోని ప్రధాన రసాయన పరిశోధన సంస్థకు ఆమే అధిపతి. 1974లో రొమేనియా అకాడమీలో సభ్యత్వం వచ్చింది. ఆపైన దేశ శాస్త్ర సాంకేతిక మండలి అధ్యక్షురాలు, 1980లో ఉప ప్రధాని. పత్రికలు ఆమె పేరు రాస్తే ముందు ‘అకాడమీ సభ్యురాలు, డాక్టర్, ఇంజినీర్’ అని రాయాల్సిందే, ‘ప్రపంచ ప్రసిద్ధ విదుషి’ అని చేర్చాల్సిందే. కార్బన్ డయాక్సైడ్ సంకేతాన్ని ఆమె సరిగా పలకలేకపోయేదని రసాయన శాస్త్రజ్ఞులు చాటుగా నవ్వుకునేవారు. ఆ చాటు నవ్వు దేశమంతా పాకి ఆమెకు మారుపేరుగా నిలిచిపోయింది.

నవ్వినవాళ్లలో కొందరు ఆమె పేరుతో వ్యాసాలు రాసినవాళ్లే. ప్రయోగశాలలో నెలల తరబడి కష్టపడి తేల్చిన ఫలితాలకు మొదటి రచయితగా ఆమె పేరు పెట్టి పత్రికలకు పంపేవారు. ఎందుకు పంపారని వాళ్లను ఈ రోజు నిలదీయడం తేలిక. సంస్థ నిధులు, విదేశీ సదస్సుకు అనుమతి, పిల్లల చదువు, అన్నీ ఆ ఒక్క పేరుకు ముడిపడి ఉన్న రోజులవి. వాళ్ల భయాన్ని అర్థం చేసుకోగలను. విదేశాల్లో కూర్చుని అదే పేరుకు గౌరవాలు కట్టబెట్టినవాళ్ల విషయంలో నాకు ఆ సానుభూతి లేదు.

1978 జూన్‌లో ఈ దంపతులు బ్రిటన్‌కు అధికారిక అతిథులుగా వెళ్లారు. బకింగ్‌హామ్ ప్యాలెస్‌లో బస. అంతకుముందు ఫ్రాన్స్‌లో వాళ్ల బృందం దిగిన గదుల్లోంచి వస్తువులు మాయమయ్యాయని, విలువైనవి ముందే తీసి దాచుకోండని అధ్యక్షుడు జిస్కార్ డెస్టేన్ రాణికి కబురు పంపాడట. ప్యాలెస్ తోటలో కుక్కలతో నడుస్తున్న ఎలిజబెత్ రాణి, ఎదురుగా వస్తున్న చౌషెస్కూ దంపతులను చూసి మాట్లాడే బాధ తప్పించుకోవడానికి పొద చాటుకు వెళ్లిందని ఆమె జీవితం గురించి రాసినవాళ్లు చెప్పారు. ఈ ముచ్చట బ్రిటిష్ పాఠకులకు మహా ఇష్టం. మా రాణికి మనిషిని చూడగానే తెలిసిపోయిందని మురిసిపోవడానికి పనికొస్తుంది. పొద చాటుకు వెళ్లిన రాణే అదే పర్యటనలో ఆయనకు ‘ఆర్డర్ ఆఫ్ ద బాత్’ గౌరవ బిరుదు ఇచ్చిందన్న వాక్యం మాత్రం ఆ ముచ్చట్లలో చివర ఎక్కడో ఉంటుంది. ప్రభుత్వం సలహా ఇచ్చింది, రాణి పాటించింది. ప్రభుత్వానికి కావలసింది విమానాల బేరం. బీఏసీ వన్ ఇలెవెన్ విమానాలను రొమేనియాలో తయారు చేసే ఒప్పందం కుదిరింది. పదుల సంఖ్యలో అనుకున్నవి చివరికి తొమ్మిదే బయటికొచ్చాయి.

ఎలెనాకు కూడా ఏదో ఒకటి ఇవ్వాలి కదా. రాయల్ సొసైటీ కాదంది. లండన్‌లోని ఒక పాలిటెక్నిక్ గౌరవ ప్రొఫెసర్ పదవి ఇచ్చింది, రసాయన శాస్త్ర సంస్థ ఒకటి గౌరవ సభ్యత్వం ఇచ్చింది. 1983లో రాబర్ట్ మాక్స్‌వెల్ ప్రచురణ సంస్థ పెర్గమాన్ ప్రెస్ ఐసోప్రీన్ మీద ఆమె పేరుతో ఇంగ్లిష్‌లో పుస్తకమే వేసింది. వీళ్లెవరి పిల్లల చదువూ బుఖారెస్ట్ చేతిలో లేదు. కాదన్న రాయల్ సొసైటీకి ఏ నష్టమూ జరగలేదు. కాదనడం కుదిరేదేనని అక్కడే తేలిపోయింది.

చౌషెస్కూ మీద పడమటి దేశాల మోజు వెనక ఒక తేదీ ఉంది. 1968 ఆగస్టులో వార్సా ఒప్పంద సేనలు చెకొస్లొవేకియాలోకి చొరబడినప్పుడు ఆయన తన సైన్యాన్ని పంపనన్నాడు, బహిరంగంగా ఖండించాడు. ధైర్యమే, కాదనలేం. మరుసటి ఏడాది అమెరికా అధ్యక్షుడు నిక్సన్ బుఖారెస్ట్ వచ్చాడు. మాస్కోను ఎదిరించినవాడు కాబట్టి సొంత జనాన్ని ఏం చేసినా చూసీ చూడనట్టు ఊరుకోవచ్చన్న లెక్క అక్కడ మొదలై ఇరవయ్యేళ్లు నడిచింది.

1974లో దేశాధ్యక్షుడి పదవిని సృష్టించుకుని చేతిలో రాజదండంతో ప్రమాణం చేసినప్పుడు చిత్రకారుడు సాల్వడార్ డాలీ అభినందన తంతి పంపాడు. కమ్యూనిస్టు నేత రాజదండం పట్టుకోవడం చారిత్రక కార్యమని పొగుడుతూ రాసిన వెటకారం అది. పార్టీ పత్రిక ‘స్కింతెయా’ దాన్ని అభినందనగానే అచ్చేసింది. ఎగతాళి అని అక్కడి ఉపసంపాదకులకు తెలియలేదా? తెలిసే ఉంటుందని నా అనుమానం. అయితే ‘ఇది వెటకారం, వేయొద్దు’ అని చెప్పాలంటే నాయకుణ్ని వెటకారం చేయవచ్చన్న ఆలోచన తన బుర్రలోకి వచ్చిందని ముందు ఒప్పుకోవాలి. దానికంటే అచ్చేయడమే క్షేమం.

ఇలాంటి క్షేమమే ఫుట్‌బాల్ మైదానంలోనూ కనిపిస్తుంది. చౌషెస్కూ సొంతూరు స్కోర్నిచెష్ట్. ఆ ఊరి జట్టు 1978లో పై డివిజన్‌కు వెళ్లాలంటే గోల్స్ తేడాలో పోటీ జట్టును దాటాలి. ఆఖరి మ్యాచ్‌లో 18-0తో గెలిచింది. మరుసటి ఏడాదికే దేశంలో అగ్రశ్రేణి లీగ్‌కు చేరింది. ఫోన్ చేసి ఆదేశించినవారెవరో ఉండొచ్చు. గోల్ వదిలేసిన పదకొండు మందికీ, ఈల ఊదిన రిఫరీకీ మాత్రం ఎవరూ వివరించి చెప్పనక్కర్లేదు. 1986లో సైన్యాన్ని తగ్గించడంపై జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో ఒక్క వ్యతిరేక ఓటూ పడలేదని ప్రకటించిన అధికారులకూ అంతే.

కూతురు జోయా కథలో నవ్వు తగ్గుతుంది. ఆమె నిజంగానే గణితంలో ప్రతిభ ఉన్న మనిషి. తల్లిదండ్రుల ఇష్టానికి విరుద్ధంగా గణిత పరిశోధన వైపు వెళ్లింది. 1975లో రొమేనియా అకాడమీ గణిత సంస్థను మూసేశారు. కూతురి మీద కోపంతోనే ఆ పని జరిగిందని అక్కడి గణిత శాస్త్రజ్ఞులు గట్టిగా నమ్మారు. కారణం ఏదైనా, ఐరోపాలో పేరున్న ఒక గణిత సంప్రదాయం చెల్లాచెదురైంది, మంచివాళ్లు దేశం వదిలి పోయారు. ఇంటి గొడవ ఒక దేశపు విద్య మీద పడిందన్నమాట. చిన్న కొడుకు నికూది ఇంకో దారి. తాగుడు, దుబారా, ఆపైన సిబియూ జిల్లా పార్టీ కార్యదర్శి పదవి. 1996లో కాలేయం చెడి పోయాడు. అతని గురించి ఇంతకంటే చెప్పదగ్గది లేదు.

ఇక్కడ పాఠకులకు ఒక హెచ్చరిక. ఈ కుటుంబం గురించి తిరిగే వింతల్లో చాలావాటికి మూలం ఒక్కరే. విదేశీ గూఢచారి విభాగంలో పెద్ద హోదాలో ఉండి 1978లో అమెరికాకు పారిపోయిన ఇయోన్ మిహాయ్ పాచెపా. విషప్రయోగం భయంతో చౌషెస్కూ ఒక్కసారి వేసుకున్న బట్టలను కాల్చేయించేవాడని, చేతులు కలిపాక ఆల్కహాల్‌తో కడుక్కునేవాడని చెప్పింది అతనే, 1987లో వచ్చిన తన పుస్తకంలో. నిజం కావచ్చు. కానీ పారిపోయిన గూఢచారికి తన పాత యజమానిని ఎలా చూపించాలన్న అవసరం ఉంటుంది. అలాగే స్విస్ బ్యాంకుల్లో వంద కోట్ల డాలర్లున్నాయన్న ప్రచారం. పార్లమెంటు సంఘం ఏళ్ల తరబడి వెతికి 2008లో అలాంటి ఖాతాల ఆధారాలేవీ లేవని తేల్చింది. ఆ తేల్చిన సంగతి ఎంతమందికి చేరింది? వింతకున్న కాళ్లు విచారణకు ఉండవు.

వింతల జాబితాల్లోకి ఎక్కనివి కొన్ని ఉన్నాయి. 1966 అక్టోబరులో వచ్చిన 770వ ఉత్తర్వు అందులో మొదటిది. నలుగురు పిల్లలు కననివారికి, నలభై అయిదేళ్లు నిండనివారికి గర్భస్రావం నిషేధం. 1966లో సుమారు 2.74 లక్షలున్న జననాలు మరుసటి ఏడాది 5.28 లక్షలకు చేరాయి. ఆ తర్వాత జనం చాటు దారులు వెతుక్కున్నారు, ఆడవాళ్లు చచ్చిపోవడం మొదలైంది. ఫ్యాక్టరీల్లోకి వైద్యులను పంపి మహిళా కార్మికులను పరీక్షించి, గర్భం కనిపిస్తే నమోదు చేసేవారు. 1989 నాటికి లక్ష సజీవ జననాలకు సుమారు 170 తల్లుల మరణాలు, ఐరోపాలో అన్నిటికంటే ఎక్కువ. అనాథాశ్రమాల్లో లక్షకు పైగా పిల్లలు. ఆ పరీక్షలు చేసింది చౌషెస్కూ కాదు. పట్టా ఉన్న వైద్యులు. నమోదు పుస్తకంలో గీతలు గీసింది గుమాస్తాలు. కుక్క బిస్కెట్లు బుఖారెస్ట్ చేరిన పద్ధతీ ఇదీ ఒకటే: పైనుంచి మాట వస్తుంది, మధ్యలో ఎవరూ ఆపరు.

1983లో టైపురైటర్ల ఉత్తర్వు వచ్చింది. ఇంట్లో టైపురైటరుంటే పోలీసుల దగ్గర నమోదు చేయించాలి, దాని అక్షరాల నమూనా ఏటా ఇవ్వాలి. ఏ కరపత్రం ఏ యంత్రం మీద పుట్టిందో పట్టుకోవడానికి. అదే దశకంలో విదేశీ అప్పు తీర్చే పంతం పట్టారు. 1981లో దాదాపు వెయ్యి కోట్ల డాలర్లున్న అప్పును 1989 ఏప్రిల్ నాటికి తీర్చేశామని ప్రకటించారు. తీర్చింది తిండితో. మాంసం, ధాన్యం ఎగుమతయ్యాయి, ఇళ్లలో వెచ్చదనం, దీపాలు తగ్గాయి, టీవీ రోజుకు రెండు గంటలే. జనం తక్కువ తినాలన్న సలహాకు ‘శాస్త్రీయ ఆహార కార్యక్రమం’ అని పేరు పెట్టి వైద్యులతోనే చెప్పించారు. అదే సమయంలో చౌషెస్కూ వేటాడటానికి కార్పతియన్ అడవుల్లో ఎలుగుబంట్లను ప్రత్యేకంగా మేపేవారు. ఎలుగుబంటి మేతను మనం వింతగా చెప్పుకుంటాం, రొట్టె వరుసను చరిత్ర పుస్తకానికి వదిలేస్తాం. మేత బడ్జెట్, రొట్టె కోటా రాసిన అధికారుల జాతి మాత్రం ఒకటే.

1989 డిసెంబరులో జనం తిరగబడ్డారు, చౌషెస్కూ దంపతులు పారిపోయి పట్టుబడ్డారు. 25న తర్గోవిష్టె సైనిక శిబిరంలో వాళ్లను విచారించి, గంటా రెండు గంటల్లో శిక్ష వేసి, వెంటనే కాల్చేశారు. ఆ విచారణ రాతప్రతి చదివితే ఆశ్చర్యమేస్తుంది. అరవై వేల మందిని చంపారన్న అభియోగం అబద్ధం. విప్లవం మొత్తంలో చనిపోయినవారు వెయ్యి పైచిలుకు, అందులో ఎక్కువమంది ఆయన పారిపోయాకే. గర్భస్రావ ఉత్తర్వు మీద లోతైన ప్రశ్న ఒక్కటీ లేదు. కూతురి ఇంట్లో కుక్కలకు మాంసం తూచిన బంగారు తక్కెడ, ఎలెనా పేరుతో వ్యాసాలు ఎవరు రాశారన్న ఎత్తిపొడుపు మాత్రం ఉన్నాయి. అకాడమీ సభ్యురాలితో ఇలాగేనా మాట్లాడటమని ఆమె చివరి దాకా గదమాయించింది. వింతలు అభియోగపత్రంలోకి ఎక్కితే వ్యవస్థ బోనులోంచి దిగిపోతుంది. ప్రాసిక్యూటరు, న్యాయమూర్తులు, కాపలా సైనికులు, కొత్తగా పగ్గాలు పట్టినవారు, అందరూ వారం కింద దాకా ఆ ప్రభుత్వం జీతగాళ్లే. వాళ్లకు బంగారు తక్కెడే సౌకర్యం. ఉత్తర్వుల గురించి మాట్లాడితే సంతకాల గురించి మాట్లాడాలి. బ్రిటన్ కూడా అంతే చురుగ్గా సర్దుకుంది. ‘ఆర్డర్ ఆఫ్ ద బాత్’ను డిసెంబరు 24న, అంటే కాల్పులకు సరిగ్గా ముందు రోజు, రద్దు చేసింది.

బుఖారెస్ట్‌లో వాళ్లు నివసించిన ప్రిమావెరి భవనాన్ని 2016లో సందర్శకులకు తెరిచారు. బంగారు రంగు స్నానాల గది దగ్గర జనం ఎక్కువసేపు ఆగి ఫొటోలు తీసుకుంటారు. అలాంటి చోట గోడ మీద 770వ ఉత్తర్వు నకలు కూడా ఉండాలని నేను అంటాను, అమలు చేసిన శాఖల పేర్లతో సహా. ఎలెనా పేరుతో అచ్చయిన రసాయన వ్యాసాలు ఇప్పటికీ శాస్త్ర పత్రికల్లో ఉన్నాయి. వాటిలోంచి ఆమె పేరు తీసేయాలని కొందరు రొమేనియన్ శాస్త్రవేత్తలు ఇటీవలి సంవత్సరాల్లో కోరుతున్నారు. వాళ్ల కోపం న్యాయమైనదే. తీసేస్తే మాత్రం వ్యాసం నిష్కల్మషంగా కనిపిస్తుంది, అచ్చేసిన సంపాదకులూ సమీక్షకులూ కూడా. ఆమె పేరును అక్కడే ఉంచి, పక్కన అసలు పని చేసినవాళ్ల పేర్లు, ఆ పేరు ముందు వరుసలోకి ఎలా వచ్చిందో రెండు వాక్యాల్లో వేస్తే మేలు.