చట్టం మొదట సర్కారుకే

చౌటుప్పల్‌లో ట్రిపుల్ ఆర్ (రీజినల్ రింగ్ రోడ్డు) మాట వస్తే అంతా భూముల గురించే మాట్లాడతారు. అది న్యాయమే, పోయేది రైతు బతుకు. కానీ ఆ దారిలో పాత గుడి, శాసనం చెక్కిన బండ, రాకాసి గుళ్లు (పాతకాలపు రాతి సమాధులు) తగిలితే ఎట్లా అని అడిగితే మాత్రం చదువుకున్నవాళ్లు కూడా ఒకటే జవాబిస్తారు: "సర్కారు పనికి సర్కారు అనుమతి ఎందుకు? చట్టం చేసింది వాళ్లే కదా!"

ఈ మాట తప్పు. ఇది తెల్లదొరల కాలం నాటి మాట. రాజును చట్టం కట్టేయదనే ఆంగ్లేయుల సూత్రాన్ని మన సుప్రీంకోర్టు కూడా 1960లో ఒప్పుకుంది. అదే దశాబ్దంలో తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని తోసిపుచ్చింది. కలకత్తాలో లైసెన్సు లేకుండా మార్కెట్ నడిపిన పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం కేసు అది. చట్టంలో మినహాయింపు లేనప్పుడు ప్రభుత్వమూ అందరిలాగే కట్టుబడాలని తీర్పు వచ్చింది.

కేంద్ర పురావస్తు చట్టంలో ఆ మినహాయింపు ఉందా? రక్షిత కట్టడానికి వంద మీటర్ల లోపు నిర్మాణాలు నిషేధం. ఆ నిషేధిత ప్రాంతంలో అక్రమ నిర్మాణానికి కొమ్ముకాసిన కేంద్ర ప్రభుత్వ అధికారికి మూడేళ్ల దాకా జైలు. అంటే తప్పు చేసేది అధికారే కావచ్చని చట్టం ముందే ఊహించింది. తన సొంత పనులకు ఆ నిషేధం సడలించాలని కేంద్రం తెచ్చిన సవరణ బిల్లును 2018 జనవరిలో లోక్‌సభ ఆమోదించింది, రాజ్యసభ సెలెక్ట్ కమిటీకి పంపింది. చట్టం వర్తించదనుకుంటే ఆ బిల్లు ఎందుకు తెచ్చినట్టు?

హైదరాబాద్ ఎర్రమంజిల్ ప్యాలెస్ సంగతీ అంతే. దాన్ని కూల్చి అక్కడ కొత్త శాసనసభ కట్టాలని 2019 జూన్ 18న మంత్రివర్గం తీర్మానించింది. వారసత్వ కట్టడాల నిబంధనను 2015లోనే రద్దు చేశాం కాబట్టి ఆ భవనానికి రక్షణ లేదని ప్రభుత్వం వాదించింది. హైకోర్టు ఒప్పుకోలేదు. సెప్టెంబరు 16న ఆ తీర్మానాన్నే కొట్టేసింది.

"ఇట్లయితే ఏ ప్రాజెక్టూ ముందుకు సాగదు" అనేవాళ్లు కృష్ణ ఒడ్డుకు పోయి చూడాలి. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగింది. నీళ్లు ముంచకముందే అటు నాగార్జునకొండలో, ఇటు మన నల్లగొండ ఒడ్డున ఏలేశ్వరంలో తవ్వకాలు చేశారు. ఏలేశ్వరం తవ్వకాల మీద అబ్దుల్ వహీద్ ఖాన్ గ్రంథమే రాశారు. నాగార్జునకొండ కట్టడాల్లో కొన్నింటిని కొండ మీదికి తరలించి మళ్లీ నిలబెట్టారు. పోయినవీ చాలా ఉన్నాయి, ఆ బాధ తీరేది కాదు. అయినా డ్యాం ఆగలేదు.

చౌటుప్పల్ నుంచి నారాయణపురం మీదుగా పోతే రాచకొండ. రేచర్ల పద్మనాయకులు రాజధానిగా ఏలిన కొండ అది. అక్కడి కోటగోడను ఒక పేద రైతు పలుగుతో కదిలిస్తే కేసు పెడతారు. ఆ పలుగు కన్నా వెయ్యి రెట్లు బలమున్న బుల్డోజర్ సర్కారుది, లేకపోతే సర్కారు కాంట్రాక్టరుది. రోడ్డు వేసేదీ, చెరువు తవ్వేదీ, గుట్టను క్వారీకి లీజుకిచ్చేదీ ప్రభుత్వమే. ఎక్కువ బలమున్న చేతిని వదిలేసి పలుగును పట్టుకునే చట్టం ఎవరిని కాపాడుతుంది?

కాబట్టి ట్రిపుల్ ఆర్ పనులు మొదలుకాకముందే దారి పొడవునా పురావస్తు శాఖ సర్వే చేయాలి. ఆ నివేదిక చౌటుప్పల్ తహసీల్దారు ఆఫీసు గోడ మీద తెలుగులో అంటించాలి. అనుమతిచ్చిన అధికారి పేరు, తేదీ కింద ఉండాలి.