కుక్కపిల్లకు దినమునకు ఎన్నిమార్లు కూడు పెట్టవలెను?

వెలిగండ్ల, కనిగిరి, మార్కాపురం, గిద్దలూరు మెట్ట ప్రాంతములలో వాన నమ్మరానిది. పైరు ఎండిన ఏడు ఎన్నో కుటుంబములను నిలబెట్టునది గొర్రెల మందయే. ఆ మందను రాత్రివేళ కాచునది కుక్క. నెల్లూరు జాతి పొట్టేలును కొనునప్పుడు అది పల్లాయా, జోడిపియా అని మూతిని, కండ్ల చుట్టునుగల మచ్చలను చూచి మరీ బేరమాడుదుము. ఆ పొట్టేలును కాయవలసిన కుక్కపిల్లను మాత్రము ఎవరి వాకిటినుండియో ఊరకనే తెచ్చి, ఇంటిల్లిపాది తినగా మిగిలినది రాత్రి ఒక్కమారు వేసి సరిపెట్టుదుము. ఈ అలవాటు మారవలెనని నా అభిప్రాయము. ఇది కేవలము కుక్కమీది జాలితో చెప్పు మాట కాదు. మంద మేలు, ఇంటిలోని పసిబిడ్డల మేలు కూడ ఇందులో ఇమిడి ఉన్నవి.

"కడుపు నిండిన కుక్క కాపలా కాయదు" అని కొందరందురు. ఈ మాటలో కొంత నిజము లేకపోలేదు. ఒక్కమారే గొంతు వరకు తిన్న కుక్క పడి నిద్రించును. కాని ఆ తప్పు కూటిది కాదు, వేళది. పగలంతయు మాడ్చి, తోడేలు, నక్క తిరుగు వేళకు సరిగా కడుపు నింపుచున్నది మనమే గదా! అదే కూటిని రెండు భాగములు చేసి, పెద్ద భాగము ఉదయమున, చిన్న భాగము ప్రొద్దు గ్రుంకకముందు పెట్టి చూడుడు. ఖర్చు పెరగదు, రాత్రి కాపలాకు ఆటంకమును ఉండదు.

పెద్ద కుక్కకు రెండు పూటలు చాలును. పిల్లకు చాలవు. దాని కడుపు చిన్నది, ఎదుగుదల వేగమైనది. ఒక్కమారు పెట్టిన కూటిని అది ఇముడ్చుకొనలేదు. ఎక్కువ తిన్నచో కక్కును, లేదా పారుకొనును. తరువాత దినమంతయు ఆకలితో అరచును. కావున తల్లిపాలు మానినది మొదలు మూడు నెలలు నిండువరకు దినమునకు నాలుగుమార్లు, మూడు నుండి ఆరు నెలల వరకు మూడుమార్లు, ఆ తరువాత రెండుమార్లు పెట్టవలెను. పిల్లను ఎనిమిది వారములు నిండువరకు తల్లివద్దనే ఉంచుట మంచిది. కండ్లు తెరచిన వెంటనే తెచ్చిన పిల్లలలో అనేకము దక్కకపోవుటకు ఈ తొందరయే ఒక కారణము.

"తెల్లవారకముందే కూలికి పోవు ఇంటివారికి నాలుగుమార్లు పెట్టుట కుదురునా?" అని అడుగవచ్చును. కుదురును. పాలు పితుకునప్పుడు ఒకమారు, మధ్యాహ్నము ఇంటిపట్టున నుండు అవ్వ చేతిమీదుగా ఒకమారు, బడినుండి వచ్చిన పిల్లవాని చేత ఒకమారు, పడుకొనబోవు ముందు ఒకమారు. ప్రతిమారు పెట్టవలసినది పిల్లకు సరిపోవు చిన్న ముద్దయే. ఇరువది నిమిషములలో తిననిది తీసివేయవలెను; ఉంచినచో పులియును, ఈగలు ముసురును. నీరు మాత్రము ఎల్లప్పుడు దొరుకునట్లు ఉండవలెను. మందకు కాపలా కావలసిన పిల్లకు ఈ ముద్దను గొర్రెల దొడ్డిలోనే పెట్టుట మేలు. కూడు దొరకు చోటును, తోడి గొర్రెలను అది చిన్ననాడే తనవిగా ఎరుగును.

ఏమి పెట్టవలెను? రాగి లేక సజ్జ సంకటి, మెత్తగా ఉడికిన అన్నము మంచివే గాని, అవి మాత్రమే చాలవు. ఎదుగు పిల్లకు మాంసకృత్తులు కావలెను. ఉడికించిన గ్రుడ్డు, ఎముక తీసిన మాంసము, ముళ్లు తీసిన చేప, ఉడికిన పప్పు, పెరుగు కొంచెముగా కలుపవచ్చును. చిక్కని గేదెపాలు పిల్లకు విరేచనములు కలిగించవచ్చును. ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తమును చెరచును గనుక, అవి వేయకముందే ఒక గరిటెడు పప్పు తీసి ఉంచవలెను. ఉడికిన కోడి ఎముకలు చీలి గొంతులోను, ప్రేగులలోను గ్రుచ్చుకొనును, వాటిని వేయరాదు.

ఇప్పుడు మన ప్రాంతపు ఇండ్లలో పొమెరేనియన్ వంటి చిన్నజాతి కుక్కలను కూడ పెంచుచున్నారు. వీటి పిల్లలు దీర్ఘకాలము ఖాళీ కడుపుతో ఉండలేవు. రక్తములో చక్కెర తగ్గి వణకును, తూలును, సొమ్మసిల్లును. అట్టి సమయమున చిగుళ్లకు కొంచెము తేనె గాని బెల్లపు నీరు గాని రాచి, వెంటనే పశువైద్యునికి చూపవలెను.

ఇక అసలు చిక్కు ఏమనగా, మనము పెట్టని కూటిని కుక్క వేరొకచోట వెదకుకొనును. చచ్చిన గొర్రె, కోసిన గొర్రె పారవేసిన కాలేయము, ఊపిరితిత్తులు, తల దానికి దొరకును. వాటిలోని నీటితిత్తులు తిన్న కుక్క ప్రేగులలో బద్దెపురుగులు పెరుగును. వాటి గ్రుడ్లు కుక్క మలముతో మేతలోను, నీటిలోను కలియును. ఒకజాతి పురుగు వలన గొర్రె మెదడులో తిత్తి ఏర్పడి, అది ఒకే చోట గుండ్రముగా తిరిగి తిరిగి చచ్చును. వేరొకజాతి వలన గొర్రెలకే గాక మనుష్యులకు కూడ కాలేయములో తిత్తులు పుట్టును. కుక్కతో ఆడి చేతులు కడుగక అన్నము తిను బిడ్డకు ఈ ముప్పు ఎక్కువ.

ఈ రోగము ఒకప్పుడు ఐస్లాండు దేశపు గొర్రెల కాపరులను పీడించినది. హరాల్డ్ క్రాబె అను డెన్మార్కు శాస్త్రజ్ఞుడు 1863లో అచటికి పోయి పరిశీలించెను. మరుసటి ఏడు అతడు వ్రాసిన చిన్న పుస్తకమును ఇంటింటికి ఉచితముగా పంచిరి. గొర్రె అవయవములను కుక్కకు అందనీయకుండుట, కుక్కలకు పురుగుల మందు ఇచ్చుట అలవాటై, కాలక్రమమున ఆ దేశము ఈ రోగమునుండి బయటపడినది. చదువుకొన్న రైతు తలచినచో కానిది లేదనుటకు ఇది నిదర్శనము.

తిండి పెట్టినంత మాత్రమున కుక్క కళేబరమును ముట్టదని నేననుట లేదు. చచ్చిన జీవమును, పనికిరాని అవయవములను లోతుగా పూడ్చుటయు అవసరమే. కాని ఆకలిగొన్న కుక్కను ఎంత లోతు గొయ్యియు ఆపలేదు. పిల్లకు రెండవ వారము నుండి పశువైద్యుని సలహాపై పురుగుల మందు త్రాగించవలెను. ప్రక్కటెముకలు కనిపించుచు పొట్ట మాత్రము ఉబ్బియున్నచో, కూడు చాలినదని భ్రమపడరాదు. అది పురుగుల గుర్తు కావచ్చును. మూడు నెలలు నిండగనే పిచ్చికుక్క రోగమునకు టీకా వేయించి, తరువాత పశువైద్యుడు చెప్పిన గడువు ప్రకారము మరల వేయించుచుండవలెను.

గ్రామ పశుసంవర్ధక సహాయకులు గొర్రెలకు మందు త్రాగించు నాడే ఆ మందల కుక్కలను కూడ లెక్కలోనికి తీసికొన్నచో బాగుండును. రైతు సోదరులు చేయవలసినది అంతకన్న సులభము. రేపు ఉదయము పనికి బయలుదేరు ముందు కుక్కపిల్లకు ఒక ముద్ద పెట్టి కదలుడు. నాలుగు నెలల శ్రద్ధకు అది ఏండ్ల తరబడి కాపలా కాయును.